'మీ ఇష్టం' అంటే 516 రూపాయలే!

"ఎంత కావాలమ్మా మీకు?"

గద్వాలలో ఒక చీరల షావుకారు గారు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తెల్లవారి ఆరింటికి వనపర్తిలో బస్సెక్కి పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా దాటి వచ్చేదాకా నోరు మూయకుండా మాట్లాడుకున్నవాళ్ళమే. శాలువా ఎవరు కప్పాలి, పళ్ళబుట్ట ఎవరు పట్టుకోవాలి, ముందు ఎవరు నమస్కారం పెట్టాలి... అన్నీ అనుకున్నాం. ఎంత అడగాలో మాత్రం అనుకోలేదు.

"మీ ఇష్టమండీ. మీకు తోచినంత" అన్నాను నేను, పెద్ద మర్యాద చేసినట్టు.

ఆయన నవ్వారు. గల్లాపెట్టె తెరిచి 516 రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. "రశీదు ఇస్తారా?" అన్నారు. రశీదు పుస్తకం లేదు. ఆయన మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు వేరేలా ఉంది.

తిరుగు బస్సులో లెక్క చూసుకున్నాం. శాలువాకు 350, పళ్ళకు 240. మొత్తం 590. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పింది. అయినా నికరంగా 74 రూపాయల నష్టంతో ఇంటికి చేరాం. విరాళం కోసం వెళ్ళి విరాళం ఇచ్చి వచ్చినవాళ్ళం మేమే అయ్యుంటాం!

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు నవ్వలేదు. ఎందుకంటే ఆ బస్సులో మాతో పాటు ఒక పిల్ల కూడా ఉంది. ఆమె అన్న మాటకు తర్వాత వస్తాను.

ఆ ఇల్లు ఎందుకంటే...

నేనేమీ సంఘసేవికను కాను. ఇల్లు చూసుకుంటాను, తీరిక దొరికితే కథలు రాసుకుంటాను. మా కాలనీలో నాతో కలిపి ఏడుగురం ఆడవాళ్ళం. ఒకామె బట్టలు కుడుతుంది, ఒకామె అంగన్‌వాడీ టీచరు, ఒకావిడ రిటైరైన నర్సు, మిగతా నలుగురం ఇంటిపట్టున ఉండేవాళ్ళమే. ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చని ఎవరో చెబితే చేసుకున్నాం. తర్వాత ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటర్ చదివే పల్లెటూరి ఆడపిల్లలు పదకొండు మంది అందులో ఉంటున్నారు.

ఇదంతా దేనికని మీరు అడగవచ్చు. ప్రభుత్వ హాస్టళ్ళున్నాయి, గురుకులాలున్నాయి. నిజమే. సీటు దొరికినవాళ్ళకు అవి పెద్ద ఆసరా. దొరకనివాళ్ళ సంగతే మా బాధ. 2016 అక్టోబరు 11న వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడివిడి జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు అన్నీ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాయే. పాలమూరు వలస అంటే తెలియనివాళ్ళు లేరు. అమ్మానాన్నలు హైదరాబాదుకో బొంబాయికో పుణేకో పనికి పోతే, పదహారేళ్ళ పిల్లను ఊళ్ళో ఎవరి దగ్గర ఉంచాలి? రోజూ బస్సులో పంపిద్దామంటే ఆఖరి బస్సు కాలేజీ వదలకముందే పోతుంది. అలా చదువు ఆగుతుంది.

గద్వాల వైపు పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడ సీడు పత్తి పండిస్తారు. వానాకాలం నడిమికి వచ్చిందంటే క్రాసింగ్ పనులు మొదలు. సాయంత్రం పూట మొగ్గ విప్పి అందులోని పుప్పొడి తీసెయ్యాలి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి తెచ్చి అద్దాలి. సన్నని వేళ్ళకు ఆ పని బాగా వస్తుందని ఆడపిల్లలకు గిరాకీ. ఆ రెండు నెలలు కూలికి పోయిన పిల్ల మళ్ళీ కాలేజీ గడప తొక్కుతుందన్న నమ్మకం లేదు. మా ఇంట్లో ఉన్న పదకొండు మందిలో ఇద్దరిని ఇళ్ళకు రమ్మని అప్పటికే కబురొచ్చింది. "అన్నం పెట్టే దిక్కు మీకే గట్టిగ లేకపాయె, ఇంటికి పంపియ్యండి మేడం" అని ఒక తండ్రి ఫోను చేశాడు. అతన్ని తప్పు పట్టలేం.

అందుకే గద్వాల ప్రయాణం కట్టాం. పోయిన తీరు మాత్రం మొదలంటా తప్పే.

శ్రావణంలో చీరల కొట్టుకా?

ముందు వేళ చూడండి. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరని చిన్నప్పటి నుంచి విన్నదే. అలాంటి ఊళ్ళో చీరల వ్యాపారి దగ్గరికి మేం ఎప్పుడు వెళ్ళాం? శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు! కొట్టునిండా ఆడవాళ్ళు. ఆ మహానుభావుడు మాకు కుర్చీలు వేయించడమే గొప్ప. మన ఇంట్లో దోసెలు పోసే వేళ ఎవరైనా వచ్చి బీమా గురించి చెబితే మనం ఎంత వింటాం?

రెండోది, ఆయన ఎవరో మాకు తెలియదు. బాగా ఉన్నవారని విన్నాం, అంతే. ఆయనకు చదువుల మీద ఆసక్తి ఉందా, గుళ్ళకు ఇస్తారా, ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చి మోసపోయారా... ఒక్కటీ కనుక్కోలేదు. పెళ్ళి సంబంధానికైతే ఏడు తరాలు ఆరా తీస్తామే!

మూడోది, 'మీ ఇష్టం'. మనం మర్యాద అనుకుంటాం. ఎదుటివారికి అది బరువు. ఎంతిస్తే ఎక్కువో ఎంతిస్తే తక్కువో ఆయనే తేల్చుకోవాలి. తేల్చుకునే తీరిక లేక, అలవాటైన పదహార్లు ఇచ్చి పంపేస్తారు.

నాలుగో తప్పు ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది. ఆ పిల్లను వెంట తీసుకెళ్ళాం. 'చూస్తే మనసు కరుగుతుంది' అని మాలో ఒకరన్నారు, అందరం ఊఁ అన్నాం. కొట్టులో అందరి ముందూ ఆమెను నిలబెట్టి, వాళ్ళ నాన్న అప్పు సంగతీ, తల్లి జబ్బు సంగతీ నేనే చెప్పాను. కథలు రాసే అలవాటుంది కదా, కాస్త రంగు పూసే చెప్పాను. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు చీరలు వదిలి ఆ పిల్లను చూశారు.

తిరుగు బస్సులో బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటుతుండగా, కిటికీలోంచి చూస్తూనే అంది:

"మేడం, ఇంకోసారి నన్ను తోల్కపోకండి. నేను చదువుకోనీకి వచ్చిన. చూపిచ్చుకోనీకి కాదు."

నాకు నా పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. మొదటి రెండు సంబంధాలవాళ్ళ ముందు తలొంచుకుని కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. అన్నీ తెలిసిన దాన్ని, ఎలా చేశాను ఈ పని?

అత్తమ్మ పరీక్ష

ఇంటికొచ్చి జరిగింది చెబితే మావారు ఏమీ అనలేదు. మా అత్తమ్మ మాత్రం మంచం మీంచి లేచి కూర్చుంది. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. చిట్టీ పైసలు ముప్పై ఏళ్ళు నడిపింది, ఒక్క రూపాయి తేడా రాలేదు.

"నన్నే ఆ షావుకారు అనుకో. అడుగు" అంది.

అడిగాను. ఆమె వరసగా ప్రశ్నలు వేసింది. "ఆ పిల్లలకు నెలకు ఎంత పడుతది? అండ్ల మీరెంత ఏస్తరు? తల్లిదండ్రులు ఏమిస్తరు? ఇంక ఎంత తక్కువ? పోయిన నెల లెక్క ఏది? ఈ యేడు నేనిస్త, వచ్చే యేడు ఎవల్ని అడుగుతరు?"

మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలాను. ఆ రాత్రి ఏడుగురం మా వరండాలో కూర్చుని కాగితం మీద పెట్టాం. తిండికి ఒక్కొక్కరికి నెలకు 1,800 చొప్పున పదకొండు మందికి 19,800. ఇంటి అద్దె 7,000. వంటామెకు 6,000. కరెంటు, నీళ్ళు 1,200. నెలకు 34,000. జూన్ నుంచి మార్చి దాకా పది నెలలకు 3,40,000. మేం ఏడుగురం నెలకు తలా వెయ్యి వేస్తే 70,000. తల్లిదండ్రులు నెలకు పిల్లకు 500 ఇస్తున్నారు, అది 55,000. ఇంకా కావలసింది 2,15,000. పదకొండు మందికి పంచితే ఒక్క పిల్లకు ఏడాదికి దాదాపు 19,500. అంటే నెలకు రెండు వేలకు కాస్త తక్కువ.

ఈ లెక్క తేలగానే నా భయం సగం పోయింది. 'సాయం చెయ్యండి' అనేటప్పుడు గొంతు వణుకుతుంది. 'ఒక్క పిల్ల ఏడాది చదువుకు 19,500 అవుతుంది' అనేటప్పుడు వణకదు. అది మన అవసరం కాదు, పని తాలూకు ధర.

అత్తమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "అడిగినంక నోరు మూస్కో. మనమే ముందుగాల 'లేకుంటె సగమన్న ఇయ్యండి' అంటే వాళ్ళు సగమే ఇస్తరు."

పెద్దలు ఎలా అడిగారు?

ఆ తర్వాత నాకు తెలిసిన పెద్దల సంగతులు కొత్తగా అర్థమయ్యాయి. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే దళితవాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. భూమి కావాలన్నారు వాళ్ళు. అంతటితో ఊరుకోలేదు. ఎంత అంటే ఎనభై ఎకరాలు, నలభై తరి, నలభై మెట్ట అని చెప్పారు. వినోబా ఆ లెక్కనే సభలో పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైందని బళ్ళో చదువుకున్నాం. ఆ ఎనభై ఎకరాల లెక్క మీద మాత్రం ఎప్పుడూ నా చూపు ఆగలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి ఇంకా ముచ్చట. గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు. దేవదాసీలకూ, బురఖాలో ఉండే ముస్లిం స్త్రీలకూ ఆయన మాటలు వినిపించాలని ఆ పిల్ల పట్టుదల. నిర్వాహకులేమో ఐదు వేల రూపాయల నిధి పోగుచేస్తే కొన్ని నిమిషాలు కేటాయిస్తామన్నారు. దేవదాసీల సాయంతో ఆమె అంత డబ్బూ పోగు చేసింది. కొన్ని నిమిషాల కోసం వచ్చిన గాంధీగారు చాలాసేపు ఉండిపోయారు. ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆమె, అడగడం ఆ వయసులోనే నేర్చుకుంది. ఎవరి కోసమైతే అడుగుతోందో వాళ్ళనే ముందు కలుపుకుంది. అది గమనించండి.

మేమూ అదే చేశాం. పదకొండు మంది పిల్లల్నీ కూర్చోబెట్టి అడిగాం. మీ గురించి బయట ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు అని. కాసేపు గుసగుసలాడుకుని, బస్సులో నాకు బుద్ధి చెప్పిన పిల్లే అందరి తరఫునా చెప్పింది: "మా మార్కులు చెప్పండి మేడం. మా నాయినల అప్పులు చెప్పకండి. ఫోటోలు వద్దు."

ఏడుగురం ఒప్పుకున్నాం. తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. అప్పట్లో అది చిన్న సంగతి అనుకున్నాం.

నాగర్‌కర్నూల్ సారు

రెండో ప్రయాణం నాగర్‌కర్నూల్‌కు. ఈసారి శాలువా లేదు, పళ్ళు లేవు. ముందే ఫోను చేసి వేళ అడిగాం. చేతిలో ఒకే ఒక కాగితం, లెక్కల నోటుబుక్కు, రశీదు పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు. ఇద్దరమే వెళ్ళాం. ముగ్గురు ఆడవాళ్ళం ఒకేసారి మాట్లాడితే దేవుడికైనా అర్థం కాదని గద్వాలలో తెలిసింది!

బిజినేపల్లి దాటాక బస్సు పాలెం మీదుగా పోతుంది. పాలెం సుబ్బయ్యగా పేరుపడ్డ తోటపల్లి సుబ్రహ్మణ్యశర్మ గారి ఊరు. ఒక పల్లెకు గుడితో పాటు కాలేజీ, వ్యవసాయ పరిశోధన కేంద్రం రావడం వెనక ఆయన శ్రమ ఉందని ఇక్కడందరూ చెబుతారు. మా ప్రాంతంలో ఇలాంటివారు ఇంకా ఉన్నారు. వనపర్తి సంస్థానానికి చెందిన కొత్వాల్ వెంకట్రామారెడ్డి గారు 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ స్థాపించారు. ఇటిక్యాలపాడు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు కొంతకాలం ఆ హాస్టలు బాధ్యత చూశారు. పల్లె పిల్లవాడు పట్నంలో చదవాలంటే ముందు అన్నం, తల దాచుకునే చోటు కావాలని నూరేళ్ళ కిందటే మనవాళ్ళు గుర్తించారు. మా ఇల్లు ఎంత చిన్నదైనా ఆ వరసలోదే కదా అనుకుంటే ధైర్యం వచ్చింది.

మేం కలవబోయింది రిటైరైన హెడ్‌మాస్టరు గారిని. ఆయన పింఛను మీద బతికే మనిషి, ఆయన్నేం అడుగుతారని కొందరన్నారు. కానీ మా నర్సమ్మ కనుక్కుంది. ఆయన చదువు చెప్పిన పిల్లలు ఊరూరా ఉన్నారు, సారు మాట అంటే వేదం.

ఆయన మా కాగితం చూడలేదు. ముందు నోటుబుక్కు అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని పావుగంట చదివారు. ఒకచోట వేలు పెట్టి, "ఈ తారీకున గ్యాసుకు రెండు సార్లు రాసిండ్రు" అన్నారు. నిజమే, తప్పు రాశాం. ఒప్పుకున్నాం. "తప్పు పడుడు పెద్ద ముచ్చట కాదు. ఇంకొకరు చూస్తే పట్టుకునేటట్టు రాసుడు ముఖ్యం" అన్నారు. లోపలికెళ్ళి 5,000 తెచ్చి రశీదు రాయించుకున్నారు. ఆ తర్వాత తెల్లకాగితం మీద పదకొండు మంది పాత విద్యార్థుల పేర్లు రాసి ఇచ్చి, ఒక్కొక్కరి గురించీ రెండేసి మాటలు చెప్పారు. ఒకరికి పొద్దున మాట్లాడాలి, ఒకరికి లెక్క తప్ప సోది గిట్టదు, ఒకరు చిన్నప్పుడు తానే హాస్టల్లో ఉండి చదివాడు. ఐదు వేల కన్నా ఆ కాగితం విలువ ఎక్కువని బస్సెక్కాక తెలిసింది. వాళ్ళలో నలుగురు ఒక్కో పిల్ల చొప్పున బాధ్యత తీసుకున్నారు. 78,000 అయింది.

చట్టం సంగతి కూడా కాస్త...

ఈ పదకొండు మందితో మాట్లాడేటప్పుడే నేర్చుకున్న కొన్ని సంగతులు మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

'80జి ఉందా?' అని చాలామంది అడుగుతారు. అంటే ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు. సొసైటీ రిజిస్టరైనంత మాత్రాన అది రాదు, ఆదాయపు పన్ను శాఖ నుంచి వేరుగా ఆమోదం తెచ్చుకోవాలి. ఆమోదం ఉన్నా, 2,000 దాటి నగదుగా ఇస్తే దానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్నవారికి అసలే లేదు. మాకు ఇంకా ఆమోదం రాలేదు. అడిగినవారికి అదే చెప్పాం. ఇద్దరు వెనక్కి తగ్గారు. తగ్గనివ్వండి. లేనిది ఉందని చెబితే వచ్చే ఏడాది మొహం చూపలేం.

కంపెనీలు ఇస్తాయి కదా అంటారు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అయితే ఆ డబ్బు అందుకోవాలంటే సంస్థ దానికి వేరుగా నమోదు కావాలి. మాలాంటి కొత్తవాళ్ళకు అది తర్వాతి మెట్టు.

ఇక విదేశాల్లో ఉన్న మన పిల్లలు. ఇండియా పాస్‌పోర్టే ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే, పుట్టింది పాలమూరులోనే అయినా, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. సారు రాసిచ్చిన పేర్లలో ఒకాయన అలాంటివారే. పంపిస్తానంటే, తీసుకోలేమని చెప్పడానికి మనసొప్పలేదు గానీ చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆదివారం ఆదివారం పిల్లలకు లెక్కలు చెప్తా" అన్నారు. ఫోనులో చెబుతున్నారు. ఏది కానుకో ఎవరు చెప్పగలరు?

లక్ష రూపాయల ఫోటో

మూడోది మా ఊళ్ళోనే, వనపర్తిలో. పేరున్న వ్యాపారి. ఈసారి అన్నీ సరిగ్గా చేశాం. వేళ సరైనది, లెక్క సరైనది, అడిగింది ఐదుగురు పిల్లల ఏడాది ఖర్చు, 97,500. అడిగి నోరు మూసుకున్నాం. ఆయన కాగితం చూసి, "లక్ష ఇస్త" అన్నారు. నా గుండె ఒక్కసారి ఎగిసింది.

"చౌరస్తాల ఫ్లెక్సీ కట్టియ్యాలె. పిల్లలందరు వరసగ నిలబడాలె, నేను చెక్కు ఇస్తుంటె ఫోటో. ఒకరిద్దరు వాళ్ళ కష్టం మైకుల చెప్పాలె."

తీర్మానం రాసిన రోజు చిన్న సంగతి అనుకున్నది లక్ష రూపాయల సంగతై కూర్చుంది. మీ పేరు పుస్తకాల అలమారా మీద రాయిస్తాం, మూడు నెలలకోసారి మార్కులు, ఖర్చులు రాసి పంపిస్తాం, మీరు ఇంటికొచ్చి వంటగది, లెక్కలు ఎప్పుడైనా చూసుకోవచ్చు అన్నాం. ఫోటో మాత్రం కుదరదన్నాం. ఆయనేమీ కోప్పడలేదు. "అయితే మీ ఇష్టం" అని లేచారు. ఈసారి ఆ మాట ఆయన నోట!

దారిలో బట్టలు కుట్టే మా చెల్లెలు ఏడ్చేసింది. "ఒక్క ఫోటోనే గద అక్కా. ఇద్దరు పిల్లలు ఇంటికి పోతే ఎవరిది పాపం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఆ రోజు రాజప్రాసాదం ముందు నుంచే నడిచి వచ్చాం. ఒకప్పటి వనపర్తి రాజుల మేడలో ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. గద్వాల కోటలోనూ మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ గారి పేరిట డిగ్రీ కాలేజీ నడుస్తోంది. ఆ గేట్లలోంచి పుస్తకాలు పట్టుకుని నవ్వుతూ వచ్చే పిల్లలు ఎవరి ముందూ తలొంచుకుని నిలబడి మైకులో కష్టం చెప్పనక్కర్లేదు. మా పిల్లలకు మాత్రం ఎందుకు ఆ అవస్థ? ఇదొక్కటే నాకు నేను చెప్పుకున్న సమాధానం.

ముందే అనుకోకపోతే ఆ లక్ష ముందు మేం తప్పకుండా తలూపేవాళ్ళం. అందుకే చెబుతున్నాను. ఎంత అడగాలో తేల్చుకోవడం సగం తయారీ. ఏది ఇవ్వకూడదో తేల్చుకోవడం మిగతా సగం.

బయల్దేరే ముందు ఒకసారి...

మీ మహిళా మండలి బడికో, వృద్ధాశ్రమానికో, గ్రంథాలయానికో ఎవరినైనా అడగబోతుంటే ఇవి చూసుకోండి.

వేళ: వారి వ్యాపారం, ఇంటి పండుగలు, పరీక్షలు, పంటలు చూసి ముందే ఫోను చెయ్యండి.

మనిషి: వారికి దేని మీద మనసుందో, ఇంతకుముందు ఎవరికి ఇచ్చారో తెలిసినవారిని అడగండి. కూపీ లాగడానికి కాదు, వారి సమయం వృథా చెయ్యకుండా ఉండడానికి.

కాగితం: ఒక్క పేజీ చాలు. మొత్తం ఖర్చు, మీ వంతు, లోటు, అడిగే మొత్తం. మీరు కూడా వేస్తున్నారని తెలిస్తేనే ఎదుటివారు వేస్తారు.

రిహార్సలు: ఇంట్లో అందరికన్నా మొండిగా ప్రశ్నలు వేసేవారి ముందు కూర్చోండి. అత్తగారున్నవాళ్ళు అదృష్టవంతులు!

రశీదు: అక్కడికక్కడే రాసివ్వాలి. పెద్ద మొత్తాలు బ్యాంకులో సొసైటీ ఖాతాకే రావాలి, మన సొంత ఖాతాకు కాదు.

కాదంటే: నవ్వుతూ నమస్కారం పెట్టి రండి. ఇవాళ కాదన్నవారు రేపు ఇంకొకరి పేరు చెప్పవచ్చు.

ఇచ్చాక: లెక్క పంపండి. ఎంత చిన్నదైనా పంపండి.

516కు లెక్క

ఈ ఆఖరిది మాకు అనుకోకుండా తెలిసింది. దీపావళి దాటాక ఇచ్చినవారందరికీ ఉత్తరాలు రాస్తున్నాం. జమాఖర్చుల పుస్తకం ఇప్పుడు మా పిల్లల్లో ఒకామె రాస్తోంది. చూపించుకోనీకి రాలేదన్న పిల్లే. కామర్స్ తీసుకుంది, చేతిరాత ముత్యాలు. జాబితాలో మొదటి పేరు గద్వాల షావుకారు గారిది. "ఆయనకు కూడానా?" అన్నాను. "జమ అయింది గద మేడం, ఖర్చు చెప్పొద్దా?" అంది.

రాసింది. 'మీరిచ్చిన 516 రూపాయలు నాలుగు రోజుల కూరగాయలకు ఖర్చయినవి. టమాట, వంకాయ, పుంటికూర, ఉల్లిగడ్డ.' కింద తారీకులు, ధరలు. మా తరఫున రశీదు కూడా జతచేశాం, ఆలస్యానికి క్షమించమని.

వారం తర్వాత ఫోను వచ్చింది. "అమ్మా, లక్షలిచ్చిన చోట కూడ నాకెవరు లెక్క చెప్పలే. ఐదు వందల పదహార్లు ఇచ్చి నేనే మర్చిపోయిన" అన్నారాయన. కాసేపాగి, మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగారు. "ఎంత కావాలమ్మా మీకు?"

"ఒక్క పిల్లకు ఏడాదికి 19,500 అండీ. ఇద్దరి బాధ్యత తీసుకుంటారా?" అన్నాను.

అని నోరు మూసుకున్నాను. ఫోనులో కొట్టు సందడి వినిపిస్తోంది. అత్తమ్మ మంచం మీంచి నా వంకే చూస్తోంది. నేను లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర ఆయన "సరే" అన్నారు.

ఇంటికి రమ్మని కబురొచ్చిన ఆ ఇద్దరు పిల్లలూ ఇక్కడే ఉన్నారు. మా కాలనీలో ముప్పై ఇళ్ళవాళ్ళు నెలకు వంద చొప్పున ఇస్తామన్నారు, అది 30,000. అన్నీ కలిపి 1,52,516 అయింది. ఇంకా 62,484 తక్కువ. ఆ లోటు ఎలా తీరుతుందో ఇవాళ్టికి తెలియదు. సోమవారం పదకొండు గంటలకు ఒకరు రమ్మన్నారు. కాగితం సిద్ధంగా ఉంది. రాత్రికి అత్తమ్మ దగ్గర పరీక్ష ఉంది.